గోదావరి ఇసుకలో దొంగ సిగ్నల్: పల్స్ ఫేజ్‌తో ఎలా పట్టుకున్నాం

భీమవరం దగ్గర ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. రెండేళ్లుగా మా ఎమ్మెస్సీ పిల్లలతో కలిసి సొంతంగా ఒక ఎన్‌క్యూఆర్ (న్యూక్లియర్ క్వాడ్రుపోల్ రెజొనెన్స్) పరికరం కడుతున్నాం. పదార్థానికి చిన్న రేడియో పల్స్ ఇచ్చి, దానిలోని కేంద్రకాలు తిరిగి పలికే సిగ్నల్‌ని వినే పరికరం అది. పోయిన వేసవిలో అందులో ఒక సిగ్నల్ వచ్చింది. చాలా పెద్ద సిగ్నల్. మూడు రోజులు అదే నిజం అనుకున్నాం. అది ఎందుకు నిజం కాదో చెప్పింది పల్స్ ఫేజ్ ఒక్కటే. ఇలాంటివి కట్టేవాళ్లు ఫేజ్‌ని ఆఖర్న స్పెక్ట్రమ్ అందంగా కనపడడానికి తిప్పే నాబ్ అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే చూశాను. ఏ పల్స్ వల్ల ఏది పుట్టిందో ఆనవాలు పట్టే గుర్తు అది. అందుకే ఈ కేసు మొత్తం రాసి పెడుతున్నాను.

ముందు కొంచెం నేపథ్యం. ఎన్‌ఎంఆర్‌కి (ఆసుపత్రి ఎంఆర్ఐ వెనకున్న పద్ధతి) అయస్కాంతం కావాలి, ఎన్‌క్యూఆర్‌కి అక్కర్లేదు. నైట్రోజన్-14 కేంద్రకం స్పిన్ 1, దాని ఛార్జ్ గుండ్రంగా ఉండదు కాబట్టి స్ఫటికం లోపలున్న ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఒక్కో చోట ఒక్కోలా మారుతుంటే, ఆ మార్పే కేంద్రకానికి ఎనర్జీ లెవెల్స్ ఇస్తుంది. అంటే ఏ ఫ్రీక్వెన్సీలో పలకాలో పదార్థమే నిర్ణయిస్తుంది. దీన్ని మొదట చూసింది 1950 ప్రాంతంలో జర్మనీలో డెమెల్ట్, క్రూగర్. అయస్కాంతం లేకపోవడమంటే మాలాంటి చోట ఖర్చు లేకపోవడం, మేము దీని జోలికి రావడానికి అసలు కారణం అదే.

శాంపిల్‌గా సోడియం నైట్రైట్ తీసుకున్నాం. ఇక్కడ అది దొరకడం కష్టం కాదు. రొయ్యల చెరువుల నీళ్లలో నైట్రైట్ ఎంతుందో చూసే ల్యాబులు డెల్టాలో అడుగడుగునా ఉన్నాయి, వాళ్లకి స్టాండర్డ్ తయారు చేసుకోవడానికి ఇది కావాలి. విషపదార్థం, గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. గది వేడిలో దీనికి మూడు లైన్లు: 4.64, 3.60, 1.04 మెగాహెర్ట్జ్. ఆఖరిది మీడియం వేవ్ రేడియో మధ్యలో పడుతుంది, దాని జోలికి పోలేదు. మేము 3.60 ఎంచుకున్నాం.

కాయిల్ 4 అంగుళాల పీవీసీ పైపు మీద చుట్టాం. పల్స్ వెళ్లేటప్పుడు రిసీవర్ కాలిపోకుండా క్రాస్ డయోడ్లు, వాటి ముందు క్వార్టర్ వేవ్ కేబుల్, అంటే తరంగం పొడవులో పావు వంతు ఉండే కేబుల్. 3.6 మెగాహెర్ట్జ్‌కి మామూలు కోయాక్స్‌లో అది సుమారు 13.7 మీటర్లు వస్తుంది, తాడు చుట్టలా చుట్టి బల్ల కింద పెట్టాం.

ఫేజ్ అంటే ఏమిటో పిల్లలకి చెప్పేటప్పుడు నేను జంట రోకళ్ల పోలిక వాడతాను. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు పసుపు దంచుతుంటే ఇద్దరి వేగమూ ఒకటే, నిమిషానికి ఇన్ని పోట్లని. కానీ ఒకరి రోకలి పైనున్నప్పుడు రెండో వాళ్లది కింద ఉంటుంది. వేగం ఫ్రీక్వెన్సీ, ఎవరిది ఎప్పుడు పైనుంది అన్నది ఫేజ్. ఆ ఇద్దరి మధ్య తేడా 180 డిగ్రీలు. మా పల్సుల్లో ఒక పోటు 0.28 మైక్రోసెకన్లు, అందులో సగం ఆలస్యమైతే 180, పావు ఆలస్యమైతే 90.

మొదట వచ్చిన ఇబ్బంది ఇసుకది కాదు, చిన్నది, తొందరగా చెప్పేస్తాను. ఒక్కో షాట్‌లో (ఒకసారి పల్సులిచ్చి వినడం) ఎకో, అంటే పల్సుల తర్వాత కొంచెం ఆగి కేంద్రకాల నుంచి వచ్చే సిగ్నల్, గుబ్బలా లీలగా కనిపించేది, వందసార్లు కలిపితే మాయమయ్యేది. షాట్లు నాలుగింతలు చేస్తే సిగ్నల్ నాలుగింతలు పెరగాలి, నాయిస్ రెండింతలే పెరగాలి. మాకు సిగ్నల్ అసలు పెరగలేదు. కారణం ఏమిటంటే పల్స్ ఇచ్చే జనరేటర్ వేరు, రిసీవర్‌కి రిఫరెన్స్ ఇచ్చే జనరేటర్ వేరు, రెండింటికీ ఒకే క్లాక్ లేదు. ప్రతి షాట్‌లో ఎకో ఒక కొత్త ఫేజ్‌తో వస్తోంది, కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. అన్నిటికీ ఒకే క్రిస్టల్ క్లాక్ ఇచ్చాం, ఆ సాయంత్రమే ఎకో నిలబడింది. సిగ్నల్ సైజు మాత్రమే చూపించే మ్యాగ్నిట్యూడ్ మోడ్‌లో పెట్టుకుని చూసినన్ని రోజులూ ఈ తప్పు కనపడలేదు, ఎందుకంటే ఆ మోడ్ ఫేజ్‌ని తీసి పారేస్తుంది. అప్పటి నుంచి మా ల్యాబులో రియల్, ఇమాజినరీ (ఫేజ్‌లో 90 డిగ్రీల తేడాతో ఉండేవి) రెండు ఛానెళ్లూ విడివిడిగా చూడకుండా ఎవరూ ఏదీ రాయకూడదని పెట్టుకున్నాం.

ఇక అసలు కథ. ఒక విద్యార్థికి ప్రాజెక్టుగా ఇచ్చింది: నైట్రైట్ డబ్బాని ఇసుకలో పూడ్చి, అయినా కనిపెట్టగలమా చూడమని. భూమిలో పాతిన మందుపాతరల్ని ఎన్‌క్యూఆర్‌తో వెతికే ప్రయత్నాలు చాలా దేశాల్లో జరిగాయి, దానికి ఇది చిన్న నమూనా. ఇసుక మన గోదావరి ర్యాంపుదే, కడిగి ఎండబెట్టి తెచ్చాడు. పైపులో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నైట్రైట్, చుట్టూ ఇసుక కూరాడు. పల్స్ ఇచ్చాడు. పరిగెత్తుకుంటూ నా గదికొచ్చాడు.

"వచ్చేసిందండి సార్! డబ్బా ఒక్కటే పెట్టినప్పటికంటే ఐదింతలుందండి."

"ఖాళీ పైపుతో చూశావా?"

"ఆయ్, చూశానండి. ఏమీ లేదండి."

వెళ్లి చూశాను. నిజంగానే ఉంది, శుభ్రంగా, షాట్లు పెంచితే పెరుగుతోంది, ఖాళీ పైపులో లేదు. మేము మూడు రోజులు సంతోషపడడానికి అది చాలు. నాలుగో రోజు పొద్దున్న టీ తాగుతుంటే ఒక ప్రశ్న వదల్లేదు. నైట్రైట్ అంతే ఉంది, కాయిల్ అదే, ఇసుక పోస్తే సిగ్నల్ ఎందుకు పెరగాలి? తగ్గినా తగ్గచ్చు, పెరగడానికి దారి లేదు.

ఫ్రీక్వెన్సీ 20 కిలోహెర్ట్జ్ పక్కకి జరిపించాను. నైట్రైట్ లైన్ అంత వెడల్పు ఉండదు, పోవాలి. పోలేదు.

ఇప్పుడు ఫేజ్ సంగతి. మేము ఇస్తున్నది రెండు పల్సుల ఎకో, 1950లో హాన్ చూపించిందే. మొదటి పల్స్, 500 మైక్రోసెకన్లు ఆగి రెండో పల్స్, మళ్లీ 500 మైక్రోసెకన్లకి ఎకో. పల్స్ ఇవ్వగానే కాయిల్ గుడి గంట కొట్టినట్టు మోగుతూ ఉంటుంది, ఆ మోత రిసీవర్‌లోకి వస్తుంది. మా కాయిల్ క్యూ (ఎంతసేపు మోగుతుందో చెప్పే కొలత) సుమారు 100. అంటే మోత తగ్గే టైమ్ కాన్‌స్టంట్ 9 మైక్రోసెకన్ల లోపు. 500 వోల్టుల నుంచి ఒక మైక్రోవోల్టుకి దిగడానికి లెక్క కడితే సుమారు 177 మైక్రోసెకన్లు. ఎకో వచ్చే 500కి అది చచ్చిపోయి ఉండాలి. అందుకే మేము మోతని అనుమానించలేదు.

కాయిల్ మోత అయినా మరేదైనా, ఒక పల్స్ వల్ల నేరుగా పుట్టిన మోత ఆ పల్స్ ఫేజ్‌నే పట్టుకుని వస్తుంది. రెండో పల్స్ మోతకి మొదటి పల్స్ ఏ ఫేజ్‌లో ఉందో తెలియదు. ఎకో అలా కాదు, అది రెండు పల్సుల్నీ గుర్తుపెట్టుకుంటుంది. మొదటి పల్స్ ఫేజ్‌ని ఎంత తిప్పితే ఎకో అంత వెనక్కి తిరుగుతుంది, రెండో పల్స్‌ని ఎంత తిప్పితే ఎకో దానికి రెండింతలు ముందుకి తిరుగుతుంది. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మిగతా అంతా దీన్నుంచే వస్తుంది.

కాబట్టి పరీక్ష తేలిక. మొదటి పల్స్‌ని మాత్రం 180 డిగ్రీలు తిప్పు, రెండోది కదపకు. వచ్చింది ఎకో అయితే తలకిందులవ్వాలి. రెండో పల్స్ మోత అయితే కదలకూడదు.

తిప్పాం. స్క్రీన్ మీద గీత కదల్లేదు. అంటే దాదాపు కదల్లేదు, ఆ గుబ్బ మధ్యలో ఒక చిన్న వంకర మాత్రం పైకున్నది కిందకి దిగింది. ఆ వంకరే మా నైట్రైట్. మిగతాదంతా వేరే ఏదో.

పిల్లాడి మొహం చూడలేకపోయాను. "ఇసుక ఒక్కటే పోసి చూద్దాం" అన్నాను. ఈ పని మొదటి రోజే చెయ్యాల్సింది. ఇసుక లేని పైపుతో పోల్చడం తప్పు, నైట్రైట్ లేని ఇసుకతో పోల్చాలి. పోశాం, పల్స్ ఇచ్చాం. అదే గుబ్బ, అంతే ఎత్తు, వంకర మాత్రం లేదు.

గోదావరి ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. క్వార్ట్జ్ పైజోఎలక్ట్రిక్, ఎలక్ట్రిక్ ఫీల్డ్ తగిలితే రేణువు వణుకుతుంది, వణికే రేణువు తిరిగి వోల్టేజ్ ఇస్తుంది. కాయిల్ చివర్ల మధ్య వందల వోల్టులున్నప్పుడు అయస్కాంత ఫీల్డ్‌తో పాటు ఎలక్ట్రిక్ ఫీల్డ్ కూడా పైపు లోపలికి దూరుతుంది. రకరకాల సైజుల్లో ఎన్నో రేణువులు, కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీ ఇచ్చినా దానికి పలికే రేణువులు కొన్ని ఉంటాయి. అందుకే 20 కిలోహెర్ట్జ్ జరిపినా పోలేదు. కాయిల్ మోతలా 177 మైక్రోసెకన్లలో ఆగే మోత కాదిది, మాకు ఒక మిల్లీసెకను దాటి కూడా ఆనవాలు కనిపించింది. మందుపాతరలు వెతికేవాళ్లకి ఇది పాత తలనొప్పి, ఇసుక నేలల్లో వాళ్లూ దీనితోనే పోరాడారు. చదివే ఉన్నాను, కానీ మన ర్యాంపు ఇసుక నా ల్యాబులో ఇలా చేస్తుందని ఊహించలేదు.

ఇక దాన్ని తీసెయ్యడం. మొదట సులువైన రెండు మెట్ల పద్ధతి పెట్టాం: మొదటి పల్స్ 0లో ఒక షాట్, 180లో ఒక షాట్, ఒకదాన్లోంచి ఒకటి తీసెయ్యి. ఎకో రెట్టింపు, రెండో పల్స్ మోత సున్నా. కాగితం మీద బాగుంది. నిజంలో గుబ్బ చాలావరకు పోయింది కానీ వంకర కింద ఒక వాలు మిగిలింది. ఎందుకని పిల్లల్నే ఆలోచించమన్నాను. రెండో రోజుకి ఒక అమ్మాయి చెప్పింది, "సార్, మొదటి పల్స్ మోత ఇంకా బతికే ఉందేమోనండి, అది కూడా మొదటి పల్స్‌తో పాటే తిరుగుతుంది కదండీ." సరిగ్గా అదే. ఎకో టైముకి మొదటి పల్స్ అయిపోయి ఒక మిల్లీసెకనే అయింది, ఆ మోత పూర్తిగా ఆరలేదు, మొదటి పల్స్ తలకిందులైతే అదీ తలకిందులవుతుంది. తీసేసినప్పుడు ఎకోతో పాటు అది కూడా రెట్టింపయింది.

దారి ఏమిటంటే మొదటి పల్స్‌ని వదిలేసి రెండోదాన్ని తిప్పడం. రెండో పల్స్‌ని 0, 90, 180, 270 చేసి, రిసీవర్‌లో కలుపు, తీసెయ్యి, కలుపు, తీసెయ్యి. రెండో పల్స్ 90 తిరిగితే ఎకో రెండింతలు, అంటే 180 తిరుగుతుంది, తీసేస్తే కలిసినట్టే. నాలుగు షాట్లలోనూ ఎకో కూడుతుంది. మొదటి పల్స్ మోత నాలుగింట్లోనూ ఒకేలా ఉంటుంది, రెండు కలిపి రెండు తీసేస్తే సున్నా. రెండో పల్స్ మోత 0లో వచ్చింది 180లో వచ్చిన దానితో పోతుంది, 90ది 270తో పోతుంది. ఎన్‌ఎంఆర్‌లో దీన్ని ఎక్సార్‌సైకిల్ అంటారు, 1977లో బోడెన్‌హాసెన్, ఫ్రీమన్, టర్నర్ ఇచ్చారు. వాళ్లు వాడింది ద్రవాల ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రమ్‌లో దొంగ గీతలు పోగొట్టడానికి, మాకు ఇసుక మోత పోగొట్టడానికి పనికొచ్చింది.

అయినా పూర్తిగా పోలేదు. ఇక్కడే మాకు ఎక్కువ రోజులు పట్టింది.

అప్పటికి మేము 180ని ఒక టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ తిరగేసి చుట్టి తెస్తున్నాం, 90ని ఇంకో 13.7 మీటర్ల కేబుల్‌తో. ప్రోగ్రాములో 180 అని రాసినంత మాత్రాన పల్స్ 180లో వస్తుందనే హామీ లేదు. రెండు డిగ్రీలు తేడా ఉంటే తీసివేతలో మోత 3.5 శాతం మిగులుతుంది. 3.5 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మా దగ్గర ఇసుక మోత మొదలైన చోట ఎకో కంటే 40 రెట్లుంది. 40లో 3.5 శాతం అంటే 1.4. అంటే మిగిలిన చెత్తే ఒక షాట్ ఎకో కంటే పెద్దది! ఆంప్లిట్యూడ్‌లో ఒక శాతం తేడా ఉన్నా ఒక షాట్ ఎకోలో దాదాపు సగమంత చెత్త మిగులుతుంది. ఇంకో విషయం, 90 దగ్గర చిన్న తప్పు ఉన్నా పరవాలేదు, 90కీ 270కీ మధ్య తేడా సరిగ్గా 180 ఉంటే చాలు. ప్రాణం అంతా ఆ 180ల మీదే ఉంది. ఇది లెక్క వేసుకున్నాక ఎక్కడ కష్టపడాలో తెలిసింది.

కొలవడానికి ఇసుకే పనికొచ్చింది. ఇసుక ఒక్కటే పోసి, మొదటి పల్స్ ఆపేసి, రెండో పల్స్ 0కి 180కి మాత్రం షాట్లు కొట్టి కలిపితే ఏదైనా మిగిలితే అది మన ఫేజ్‌దో ఆంప్లిట్యూడ్‌దో తప్పు. నైట్రైట్ లేదు కాబట్టి ఎకో అని భ్రమపడేది లేదు. ట్రాన్స్‌ఫార్మర్ తీసేశాం. ఏడీ9850 అనే డీడీఎస్ చిప్పులోనే (అంకెల నుంచి తరంగం తయారు చేసేది) ఫేజ్ మార్చుకోవచ్చు, 11.25 డిగ్రీల మెట్లలో. మోటుగా అనిపిస్తుంది కానీ 90కి ఎనిమిది మెట్లు, 180కి పదహారు, మనకి కావాల్సినవి ఖచ్చితంగా పడతాయి. అంకెల్లో జరిగే మార్పు కాబట్టి వేడికీ కేబుల్ పొడవుకీ సంబంధం లేదు. ముందు సీరియల్‌గా, ఒక్కో బిట్ చొప్పున, లోడ్ చేస్తుంటే రెండు పల్సుల మధ్య టైము చాలట్లేదని వాడలేదు, ప్యారలల్‌గా, బిట్లు ఒకేసారి వెళ్లేలా, మార్చి వైర్లు వేసుకున్నాక ఆ బాధ తీరింది. దీంతో పాటు కాయిల్ లోపలి వైపు సన్నని రాగి రేకు, పొడవునా ఒక చీలిక వదిలి అంటించి గ్రౌండ్ చేశాం. ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని అది ఆపుతుంది, చీలిక ఉంది కాబట్టి చుట్టూ కరెంటు తిరగదు, అయస్కాంత ఫీల్డ్ లోపలికి వస్తుంది. క్యూ కొంచెం పడిపోయింది, పడనీ అనుకున్నాం.

ఆ రోజు నాలుగు మెట్ల సైకిల్ నడిపితే ఇసుక ఒక్కటే ఉన్నప్పుడు గీత చదునుగా ఉంది. నైట్రైట్ డబ్బా దించితే వంకర వచ్చింది. చిన్నదే. ఇసుక లేకుండా డబ్బా ఒక్కటే పెట్టినప్పుడు ఎంతుందో, నాయిస్ లోపల అంతే ఉంది. ఐదింతలు లేదు.

చిన్న సిగ్నల్‌ని పెంచుకోవడానికి ఎకోల వరుస పెట్టాం, అక్కడ కూడా ఫేజే. ఈ పాఠం మాకు పక్క బల్ల మీదున్న 20 మెగాహెర్ట్జ్ ఎన్‌ఎంఆర్‌లో ముందే తగిలింది. తవుడు నూనెలో టీ2 (సిగ్నల్ ఎంత త్వరగా చప్పబడుతుందో చెప్పే సమయం) కొలుస్తుంటే ఎప్పుడూ తక్కువే వచ్చేది. వరుసలో పల్సులన్నీ ఒకే ఫేజ్‌లో ఇస్తున్నారు, 1954 నాటి కార్, పర్సెల్ పద్ధతిలో. 180 పల్స్ (ఇక్కడ 180 ఫేజ్ కాదు, పల్స్ కేంద్రకాల్ని ఎంత తిప్పుతుందన్న కోణం) నిజానికి 175 అయితే ప్రతి పల్స్‌కి 5 డిగ్రీల తప్పు పోగవుతుంది, 18 పల్సులకి 90, సిగ్నల్ ఉండాల్సిన తలంలోంచే బయటికి పోతుంది. నూనె ఏ పాపమూ ఎరగదు. 1958లో మీబూమ్, గిల్ చేసింది మొదటి పల్స్‌కీ మిగతావాటికీ మధ్య 90 డిగ్రీల తేడా పెట్టడమే. అప్పుడు పల్స్ మాగ్నెటైజేషన్ (కేంద్రకాలన్నిటి అయస్కాంతత్వం కలిసిన మొత్తం) ఉన్న దిక్కు చుట్టూనే తిప్పుతుంది, తప్పు ప్రతి రెండో ఎకోకీ సర్దుకుంటుంది. ఎన్‌క్యూఆర్‌లోనూ అదే తేడాతో పల్సుల వరుస ఇస్తే సిగ్నల్ చాలాసేపు నిలబడుతుందని 1977లో మారినో, క్లైనర్ చూపించారు, అదీ సోడియం నైట్రైట్‌లోనే. పొడి శాంపిల్‌లో రేణువులు అన్ని దిక్కులా ఉంటాయి కాబట్టి ఇక్కడ 90, 180 అనే తిప్పే కోణాలకి అర్థం మారిపోతుంది, ఎక్కువ సిగ్నల్ సుమారు 119 డిగ్రీల దగ్గర వస్తుంది. ఏ పల్సూ అన్ని రేణువులకీ సరిపోదు. అందుకే ఇక్కడ ఆ 90 ఫేజ్ తేడా ఎన్‌ఎంఆర్‌లో కంటే కూడా ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం. ఫేజ్ తేడా తీసేసి ఒకసారి నడిపి చూపించాను పిల్లలకి, కొద్ది ఎకోల్లోనే చప్పబడిపోయింది. 90 పెట్టగానే వరుస సాగింది. వరుసలో మాత్రం రెండో పల్స్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పలేం, ఆ 90 చెడుతుంది. అక్కడ మొదటి పల్స్‌ని 0, 180 చేసి తీసెయ్యడమే, మొదటి ఒకటి రెండు ఎకోలు పారెయ్యాలి, అప్పటికి మొదటి పల్స్ మోత ఆరిపోతుంది.

అన్నీ అయ్యాక కూడా నాకు ఒక అనుమానం మిగిలింది. మూడు రోజులు మోసపోయిన వాడిని. మిగిలిన ఈ చిన్న వంకర నిజంగా నైట్రైటేనా? నైట్రైట్ అయితే శాంపిల్ వేడెక్కినకొద్దీ లైన్ ఫ్రీక్వెన్సీ తగ్గాలి. ఒకరోజు తెల్లవారుజామునే ల్యాబ్ తెరిపించాను, చెరువుల మీద ఏరేటర్ల చప్పుడు తప్ప ఊరు నిద్రలోనే ఉంది. లైన్ ఎక్కడుందో రాసుకున్నాం. మళ్లీ మధ్యాహ్నం రెండింటికి, ఏసీ ఆపేసి, ఇసుకలో థర్మామీటర్ గుచ్చి, ఆ పిల్లాడే కూర్చుని ఫ్రీక్వెన్సీ కొంచెం కొంచెం కిందకి దించుకుంటూ వెతికాడు. పొద్దున్న ఉన్న చోట ఏమీ లేదు. ఇంకా కిందకి పోనిచ్చాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"కదిలిందండి సార్" అన్నాడు.